హాస్టల్ మెస్ చెత్తతో కంపోస్ట్: మొదటి రోజు నుంచి బ్యాచ్ మారేదాకా స్టూడెంట్ వాలంటీర్లకి పూర్తి గైడ్

రెసిడెన్షియల్ కాలేజీలో పర్యావరణం కోసం ఏదైనా చేద్దాం అనుకున్న ప్రతి బ్యాచ్ దాదాపు ఒకే దారిలో వెళ్తుంది, జూన్ 5న ర్యాలీ, వానలు పడగానే మొక్కలు, అక్టోబర్ 2న క్యాంపస్ క్లీనింగ్. అవి చేయండి, తప్పేం లేదు. కానీ వెయ్యి మందో రెండు వేల మందో ఒకే మెస్‌లో మూడు పూటలా తినే చోట అసలు పెద్ద విషయం ఆ మెస్ వెనక గేటు దగ్గరుంటుంది. ప్లేటుకి 50 గ్రాములే పారేస్తున్నారు అనుకున్నా వెయ్యి మందికి పూటకి 50 కిలోలు, దానికి కూరగాయల తుక్కు, టీ పిప్పి, అరటి తొక్కలు కలుపుకుంటే రోజుకి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. ఇదంతా ఎక్కడికో పోతుంది, ఎక్కడికి పోతుందో చాలా కాలేజీల్లో స్టూడెంట్స్‌కి తెలీదు.

ఈ గైడ్ ఆ తడి చెత్తలో కొంత భాగాన్ని క్యాంపస్‌లోనే కంపోస్ట్ చేయడం, అంటే కుళ్ళబెట్టి ఎరువుగా మార్చడం గురించి. కంపోస్ట్ చేయడం కష్టం కాదు, ఎవరైనా రెండు నెలల్లో నేర్చుకోవచ్చు. సంక్రాంతి సెలవులకీ, ఎండాకాలం సెలవులకీ, సీనియర్లు వెళ్లిపోయాక కూడా అది ఆగకుండా నడవడమే కష్టం, స్టూడెంట్ ప్రాజెక్టులు ఎక్కువగా చచ్చిపోయేది అక్కడే. అందుకే కింద రాసిన ప్రతి స్టెప్పులో సెలవుల సంగతి, వచ్చే బ్యాచ్ సంగతి ముందే కలిపి రాశాను.

స్టెప్ 1: ఇప్పుడు చెత్త ఎటు పోతోందో కనుక్కోండి

ఏదీ మొదలుపెట్టకముందు ఒక వారం ఊరికే చూడండి. మెస్ మూసే టైంకి వెనక్కి వెళ్ళి అక్కడ పనిచేసే అక్కలతో, అన్నలతో మాట్లాడండి. చాలా చోట్ల మిగిలిన అన్నం, కూరలు పందుల పెంపకం చేసేవాళ్ళు డ్రమ్ముల్లో పట్టుకెళ్తారు, కాంట్రాక్టర్‌కి దాని మీద కొంత డబ్బు కూడా రావచ్చు. అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, పాల ప్యాకెట్లు స్వీపర్ అక్కలు పక్కన పెట్టుకుని పాత సామాన్ల షాపులో అమ్ముకుంటారు. అది వాళ్ళ చాలీచాలని జీతానికి తోడయ్యే డబ్బు. మీరు సేవ పేరుతో వెళ్ళి ఆ అట్టలన్నీ పోగేసి ఎన్‌ఎస్‌ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీం) ఫండ్‌కి అమ్మేస్తే అది సేవ అవదు, ఇంకొకరి జేబులోంచి తీసుకోవడం అవుతుంది. కాబట్టి రూల్ ఒకటే, అమ్ముడుపోయే పొడి చెత్త జోలికి వెళ్ళొద్దు, దాన్ని తడవకుండా విడిగా ఉంచి ఆ అక్కలకే అందేలా చూడండి, వాళ్ళ పని తేలికవుతుంది, మీ పని మీద వాళ్ళకి నమ్మకం వస్తుంది.

పందుల వాళ్ళు పట్టుకెళ్ళేదాన్ని కూడా ఒకేసారి ఆపొద్దు. అది ఒక రకంగా మంచి వాడకమే. మీకు కావాల్సింది ఎవరూ పట్టించుకోని భాగం, అంటే పచ్చి కూరగాయల తుక్కు, పండ్ల తొక్కలు, టీ పిప్పి, గుడ్డు పెంకులు, ప్లేట్లలో మిగిలిన దాంట్లో కొంత.

స్టెప్ 2: తూకం వేయండి

మెస్ స్టోర్‌లో బియ్యం, కూరగాయలు తూచే కాటా ఉంటుంది, దాన్నే అడిగి తీసుకోండి, కొత్తది కొనక్కర్లేదు. ప్లేట్లు కడిగే చోట మూడు డ్రమ్ములు పెట్టండి. ఒకటి తినగలిగే తిండి వదిలేసింది, రెండోది తొక్కలు, కరివేపాకు, మునక్కాయ పిప్పి, బొక్కల్లాంటివి, మూడోది టిష్యూ, కాగితం. ప్రతి డ్రమ్ము దగ్గర ఒక వాలంటీర్ నిలబడాలి, మొదటి మూడు రోజులు నిలబడకపోతే అన్నీ ఒకదాంట్లోనే పడతాయి. ఖాళీ డ్రమ్ము బరువు ముందే తూచి దాని మీద పెయింట్‌తో రాసేయండి.

ఏడు రోజులు వరసగా, మూడు పూటలూ తూచండి. ఒక్కరోజు లెక్క పనికిరాదు ఎందుకంటే ఆదివారం చికెన్ రోజుకీ, ఉప్మా పెట్టిన రోజుకీ, ఎగ్జామ్ ముందు రోజుకీ అసలు పొంతన ఉండదు. నోట్‌బుక్‌లో తేదీ, పూట, మెనూ, ఎంతమంది తిన్నారు, ఎన్ని కిలోలు, ఈ ఐదు కాలమ్స్ చాలు. ఈ నోట్‌బుక్కే రేపు ప్రిన్సిపల్ దగ్గర మీ తరఫున మాట్లాడుతుంది.

ఇక్కడే ఒక మాట, తూకం చూశాక మొదట చేయాల్సింది కంపోస్ట్ కాదు, పారేసేది తగ్గించడం. మెస్ కమిటీతో కూర్చుని మొదటిసారి గరిటె చిన్నదిగా వడ్డించమనండి, కావాలంటే రెండోసారి ఎవరినీ చూసి మొహం చిట్లించకుండా పెట్టమనండి, ఈ రెండోది చాలా ముఖ్యం, రెండోసారి అడిగితే విసుక్కునే మెస్‌లో జనం మొదటిసారే ప్లేటు నింపేసుకుంటారు. ఏ కూర వారం వారం డ్రమ్ములోకే వెళ్తుందో మీ నోట్‌బుక్‌లో కనిపిస్తుంది, అది మెనూలోంచి మార్పించండి. బోర్డు మీద రోజూ 'నిన్న ఇన్ని కిలోలు పారేశాం' అని రాయండి, పేర్లు మాత్రం రాయొద్దు, ఎవరి ప్లేటూ ఫోటో తీయొద్దు. ఒంట్లో బాగోక తినలేనివాళ్ళు, ఇంటి మీద బెంగతో ముద్ద దిగని ఫస్ట్ ఇయర్ పిల్లలు కూడా ఆ లైన్లోనే ఉంటారు.

వడ్డించకుండా గిన్నెల్లోనే మిగిలిపోయిన తిండి వేరే లెక్క. అది దగ్గర్లో అవసరం ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చు కానీ వేడిగా ఉండగానే, వండిన రెండు గంటల్లోపే చేరాలి, పెరుగన్నం, కొబ్బరి చట్నీ లాంటివి ఇవ్వొద్దు. అంత త్వరగా చేర్చగలిగే మనుషులు, బండి లేకపోతే ఆ పని పెట్టుకోకండి.

స్టెప్ 3: పర్మిషన్

ముందుగా ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ని (పీఓ) కలవండి. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబర్ 24న గాంధీ శతజయంతి ఏడాదిలో 37 యూనివర్సిటీల్లో మొదలైంది, వాలంటీర్‌కి ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళలో 240 గంటల పని, ఒక ఏడు రోజుల స్పెషల్ క్యాంప్ ఉంటాయి. చాలా యూనిట్లలో ఈ గంటలు ఎలా నింపాలా అని చూస్తుంటారు. రోజూ అరగంట కంపోస్ట్ పని, దానికో రిజిస్టర్ ఉంటే పీఓ సార్‌కి కూడా అది వరమే, కాబట్టి మీ పనిని ఎన్‌ఎస్‌ఎస్ రెగ్యులర్ యాక్టివిటీగా రాయించండి. ఇలా చేస్తే ఇంకో లాభం ఉంది, పని మీ ఫ్రెండ్స్ గ్యాంగ్ పేరు మీద కాకుండా యూనిట్ పేరు మీద ఉంటుంది, మీరు వెళ్ళిపోయాక కూడా ఫైల్ మిగులుతుంది.

తర్వాత ప్రిన్సిపల్‌కి ఒక్క పేజీ లెటర్. అందులో కావాల్సినవి మాత్రమే అడగండి: ఇరవై అడుగులకి ఇరవై అడుగుల స్థలం, దగ్గర్లో ఒక కుళాయి, పనిచేసే టైంలో హాస్టల్ నుంచి బయటికి రావడానికి అనుమతి, కొన్ని పనిముట్లు. వారం తూకం లెక్క జత చేయండి. రూల్స్ గురించి ఒక పేరా రాయండి, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటుని బల్క్ వేస్ట్ జనరేటర్ అన్నారు, 5 వేల చదరపు మీటర్లు దాటిన సంస్థలు తడి చెత్తని వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టో బయోగ్యాసో చేసుకోవాలని చెప్పారు. 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యే కొత్త నియమాలైతే చెత్తని తడి, పొడి, శానిటరీ, స్పెషల్ కేర్ (బల్బులు, మందుల లాంటివి) అని నాలుగు రకాలుగా వేరు చేయమంటున్నాయి. అంటే మీరు అడిగేది కాలేజీ ఎలాగూ చేయాల్సిన పనే. దీన్ని బెదిరింపులా రాయొద్దు, మర్యాదగా 'ఈ నియమం పాటించడంలో మేం సాయపడతాం సార్' అన్నట్టు రాయండి.

అమ్మాయిల హాస్టల్ సంగతి ముందే ఆలోచించండి. చాలా కాలేజీల్లో సాయంత్రం ఆరు దాటాక అమ్మాయిలకి బయటికి అనుమతి ఉండదు, మీరు పనంతా ఏడింటికి పెట్టి తర్వాత 'అమ్మాయిలు రావట్లేదు' అంటే ఎలా. ఉదయం క్లాసుల ముందో, సాయంత్రం నాలుగున్నర ఐదున్నర మధ్యో పెట్టండి, లేదా గర్ల్స్ హాస్టల్ ఆవరణలోనే రెండో పాయింట్ అడగండి. శానిటరీ ప్యాడ్స్ తడి చెత్తలోకి ఎప్పటికీ రాకూడదు, వాటికి కాగితంలో చుట్టి వేసే మూత డబ్బా ప్రతి వాష్‌రూమ్‌లో ఉండేలా లేడీ వార్డెన్‌తో ముందే మాట్లాడుకోండి. వాటిని చేతులతో వేరు చేయాల్సిన పరిస్థితి ఏ స్వీపర్ అక్కకీ రాకూడదు.

స్టెప్ 4: ఆకులు పోగు చేయండి (అసలు పని ఇదే)

కంపోస్ట్ అనగానే అందరూ తడి చెత్త గురించే ఆలోచిస్తారు, కానీ మెస్ ఉన్నన్నాళ్ళూ తడి చెత్తకి కొరత రాదు, ఎండుటాకులకే కొరత వస్తుంది. తడి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, కార్బన్ 25 నుంచి 30 పాళ్ళకి నత్రజని ఒక పాలు ఉంటే సూక్ష్మజీవులు బాగా పనిచేస్తాయి. మన భాషలో చెప్పాలంటే ఒక బకెట్ మెస్ చెత్తకి రెండు మూడు బకెట్ల నలిపిన ఎండుటాకు. ఆకు తక్కువైతే కంపు, ఆ కంపు వార్డెన్ గదిదాకా వెళ్ళిందంటే ప్రాజెక్ట్ అక్కడితో అయిపోయినట్టే.

మన దగ్గర ఆకులు రాలేది ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. కంపోస్ట్‌కి ఎండుటాకు బాగా అవసరమయ్యేది జూన్ తర్వాత వానల్లో, అప్పుడు దొరికే ఆకంతా తడిసి ఉంటుంది. కాబట్టి ఎండాకాలం సెలవుల ముందే ఆకు దాచుకోవాలి. రోజుకి 10 కిలోల చెత్తకి సుమారు అర బస్తా ఆకు కావాలి, జూన్ నుంచి డిసెంబర్ దాకా లెక్కేస్తే వంద బస్తాల దాకా. ఎక్కువ అనిపిస్తుంది కానీ మెస్‌లో ఖాళీ అయ్యే బియ్యం బస్తాలు ఎలాగూ ఉంటాయి, గార్డెనర్ అన్నలు ఊడ్చిన ఆకుని కుప్ప చేసి తగలబెట్టకుండా బస్తాల్లో నింపమని అడిగితే, వారానికి ఒకరోజు మీరూ వాళ్ళతో కలిసి నింపితే మార్చి నెలలోనే అయిపోతుంది. ఆకులు తగలబెట్టడం గురించి ఎవరైనా వాదిస్తే, 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించింది, మామూలుగా కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అని చెప్పింది, ఆ సంగతి చెప్పండి.

బస్తాలు షెడ్డులోనో మెట్ల కిందో వాన తగలని చోట ఇటుకల మీద పెట్టండి. ఆకు కుప్పల్లో పాములు, తేళ్ళు చేరతాయి, ఇది నిజంగా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం, చేతులు పెట్టే ముందు కర్రతో తట్టాలి, బూట్లు, గ్లవ్స్ లేకుండా ఎవర్నీ దించొద్దు, చీకట్లో అసలే వద్దు. ఆకు చాలకపోతే వరిగడ్డి ముక్కలు, రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు కలపొచ్చు. ఊక కూడా వాడొచ్చు కానీ అది తొందరగా కుళ్ళదు, గాలి ఆడటానికి మాత్రమే పనికొస్తుంది.

స్టెప్ 5: మూడు జాలీలు

సిమెంటు తొట్లు, మెషీన్లు, టెండర్లు వద్దు, కనీసం మొదటి ఏడాది వద్దు. కోళ్ళకి కట్టే ఇనుప జాలీ ఉంటుంది కదా, దాన్నే కాస్త మందంది తీసుకుని నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు వచ్చేలా గుండ్రంగా చుట్టి తీగతో కట్టండి. అలాంటివి మూడు. ఒక్కో దాంట్లో సుమారు ఒకటిన్నర ఘనమీటర్ దాకా పడుతుంది. కుప్ప కనీసం ఒక ఘనమీటర్ ఉంటేనే లోపల వేడి నిలుస్తుంది, చిన్న చిన్న బకెట్లలో చేస్తే ఆ వేడి రాదు.

చెట్టు నీడలో, వాననీళ్ళు నిలవని కాస్త ఎత్తైన చోట, ఏ రూమ్ కిటికీకీ ఎదురుగా లేకుండా పెట్టండి. అడుగున అరడుగు మందాన ఎండు పుల్లలు, కొబ్బరి మట్టల ముక్కలు పరవండి, కింద నుంచి గాలి ఆడాలి.

రోజువారీ పని ఇలా ఉంటుంది. మెస్ చెత్తలో నీళ్ళు, సాంబారు వంచేయాలి, పెద్ద తొక్కలు చేతి వెడల్పు కన్నా చిన్నవి చేయాలి. ఒక పొర ఆకు, దాని మీద పలచగా తడి చెత్త, మళ్ళీ ఆకు, పైన ఎప్పుడూ ఆకే కనపడాలి, తిండి కనపడకూడదు. కనపడితే ఈగలు, కోతులు, కుక్కలు వస్తాయి. కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల కోసం మొదటి నాలుగైదు రోజులు ఒక మగ్గు పేడ నీళ్ళు, లేదా పులిసిన మజ్జిగ చల్లండి, తర్వాత అక్కర్లేదు. పైన పాత ఫ్లెక్సీ ఒకటి వానకి అడ్డంగా కప్పండి, కాలేజీ ఫెస్ట్‌లు అయ్యాక పడి ఉండే ఫ్లెక్సీలు దీనికి సరిగ్గా సరిపోతాయి.

వేయకూడనివి: మాంసం, బొక్కలు, చేప, పచ్చళ్ళు, వాడిన నూనె, ప్లాస్టిక్ కోటింగ్ ఉన్న పేపర్ ప్లేట్లు, కప్పులు. చికెన్ రోజు బొక్కల డ్రమ్ము పందుల వాళ్ళకే ఇచ్చేయండి. వండిన అన్నం, కూరల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి అవి సగానికి మించకుండా చూసుకుని మిగతాది పచ్చి కూరగాయల తుక్కుతో నింపండి. గుడ్డు పెంకులు నలిపి వేయండి.

రోజుకి 10 కిలోలతోనే మొదలుపెట్టండి, దీని మీద గట్టిగా నిలబడండి. మొదటి వారం ఉత్సాహంలో 'మొత్తం 80 కిలోలూ మేమే చేసేస్తాం' అని మెస్ వాళ్ళకి మాటిచ్చేస్తారు, మూడో వారం ఇంటర్నల్స్ వస్తాయి, డ్రమ్ములు అలాగే ఉండిపోతాయి. 10 కిలోలతో ఒక జాలీ నిండటానికి సుమారు నెల పడుతుంది ఎందుకంటే కింద కుంగుతూ ఉంటుంది. మూడోది నిండేసరికి మొదటిది తయారవుతుంది, మళ్ళీ దాన్ని ఖాళీ చేసి నింపొచ్చు, ఈ చక్రం తిరగడానికే మూడు.

స్టెప్ 6: కుప్పని చదవడం నేర్చుకోండి

రెండో మూడో రోజుకే కుప్ప వేడెక్కడం మొదలవుతుంది, బాగా కుదిరితే మధ్యలో 55 నుంచి 65 డిగ్రీల దాకా వెళ్తుంది. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు, ఒక ఇనుప రాడ్ మధ్యలోకి గుచ్చి పది నిమిషాలు ఉంచి లాగి పట్టుకోండి, చేత్తో ఎక్కువసేపు పట్టుకోలేనంత వేడి ఉంటే కుప్ప బాగున్నట్టు. చలికాలం పొద్దున్నే కుప్ప తిరగేస్తుంటే లోపల్నుంచి ఆవిరి లేస్తుంది, ఫస్ట్ ఇయర్ పిల్లల్ని ఆ రోజు తప్పకుండా పిలవండి, మీరు ఎంత లెక్చర్ ఇచ్చినా ఆ ఆవిరి మీద చేయి పెట్టినప్పుడు వాళ్ళకి కలిగే ఆసక్తి రాదు.

తేమ సంగతి చేతితోనే తెలుస్తుంది. గ్లవ్స్ వేసుకుని మధ్యలోంచి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు వచ్చి ఆగితే సరిపోయింది, పిండేసిన తడిగుడ్డలా ఉండాలి. నీళ్ళు కారితే ఎండుటాకు కలిపి తిరగేయండి. పొడిగా రాలిపోతుంటే నీళ్ళు చల్లండి.

కంపు వస్తే ఏ రకం కంపో గమనించండి. ముక్కు ఘాటెక్కే అమ్మోనియా వాసనైతే ఆకు తక్కువైందని అర్థం, ఆకు కలపండి. కుళ్ళిన గుడ్డు వాసనైతే గాలి ఆడట్లేదు, లోపల నీళ్ళు పట్టాయి, మొత్తం తిరగేసి ఎండు పదార్థం కలపండి. వేడే లేకుండా అలాగే పడి ఉంటే పొడిబారిందో, తడి చెత్త చాలలేదో, కొంచెం పేడ నీళ్ళు, కూరగాయల తుక్కు వేసి చూడండి. తెల్లటి బూజు తీగలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి పని చేస్తున్నాయి. లావుపాటి పురుగులు కనిపిస్తాయి, అవి చాలాసార్లు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, రోగాలు మోసుకొచ్చే ఇంటి ఈగ వేరు, ఇది వేరు. చూడటానికి అసహ్యంగా ఉన్నా తిండిని చాలా వేగంగా తినేస్తాయి, చంపొద్దు, పైన ఇంకాస్త ఆకు వేయండి చాలు.

తిరగేయడం వారానికోసారి, మొదటి నెలరోజులు తప్పకుండా. జాలీ కట్టు విప్పి పక్కన నిలబెట్టి, పళ్ళున్న పారతో బయట ఉన్నది లోపలికి, లోపల ఉన్నది బయటికి వచ్చేలా మళ్ళీ నింపాలి. ఆదివారం పొద్దున టీం మొత్తం వచ్చి చేస్తే గంటలోపు అయిపోతుంది.

నిండాక 45 నుంచి 60 రోజుల్లో కుప్ప సగం కంటే తక్కువకి కుంగి ముదురు గోధుమరంగులో, వాన పడ్డాక మట్టి నుంచి వచ్చే వాసనతో తయారవుతుంది. ఇసుక జల్లెడలో జల్లించి, పైన మిగిలిన ముక్కల్ని కొత్త జాలీ అడుగున వేయండి, పేడ నీళ్ళ పని అవే చేస్తాయి. అనుమానంగా ఉంటే కొంచెం తడిపి ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి రెండు రోజులు ఉంచండి, విప్పినప్పుడు పుల్లటి కంపు వస్తే ఇంకా కావాలి. ఇంకో పరీక్ష, అందులో పది మెంతులు చల్లండి, చక్కగా మొలిస్తే వాడుకోవచ్చు.

స్టెప్ 7: టీం, షిఫ్టులు

పన్నెండు మంది చాలు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకి ఇద్దరు, ఒకరు సీనియర్, ఒకరు జూనియర్, ఆదివారం అందరూ. రోజు పని అరగంటకి మించదు. జంటలో ఒకరు రాలేకపోతే రెండో వాళ్ళకి తెలియజేయాలి, ఇద్దరూ రాలేకపోతే ఆ రోజు మెస్ వాళ్ళకి 'ఈరోజు తీసుకోం' అని ముందే చెప్పాలి. తీసుకుంటామని చెప్పి తీసుకోకపోవడం ఒక్కసారి జరిగినా మెస్ అన్నలు మళ్ళీ వేరు చేసి పెట్టరు, వాళ్ళకి అదనపు పని పెట్టి మనం కనపడకుండా పోతే వాళ్ళ కోపంలో న్యాయం ఉంది.

అందరూ టెటనస్ ఇంజెక్షన్ వేయించుకున్నారా అని హెల్త్ సెంటర్‌లో కనుక్కోండి. చేతికి తెగిన గాయం ఉన్నవాళ్ళు మానేదాకా తూకం, రిజిస్టర్ పని చూసుకోవాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే చోటు ఉండాలి.

పండగలకీ, ఫేర్‌వెల్‌కీ మెస్ వాళ్ళనీ, స్వీపర్ అక్కలనీ, గార్డెనర్ అన్నలనీ పేరుతో స్టేజి మీదకి పిలవండి. ఈ పనిలో సగం వాళ్ళు చేసిందే.

స్టెప్ 8: కంపోస్ట్ ఎక్కడ వాడాలి, మొక్కల లెక్క

తయారైంది మొదట క్యాంపస్ చెట్లకే వాడండి. మే నెలలో ఒకటిన్నర అడుగుల గుంతలు తీయించి, మట్టిలో కంపోస్ట్ కలిపి వదిలేసి, జూన్ జులైలో ఒకటి రెండు మంచి వానలు పడ్డాక మొక్క పెట్టండి. కానుగ, వేప, నేరేడు, చింత, మద్ది, రావి లాంటి మన నేలకి అలవాటైన చెట్లు అటవీ శాఖ నర్సరీల్లో దొరుకుతాయి, తెలంగాణలో హరితహారం వచ్చాక గ్రామ పంచాయతీల్లోనూ నర్సరీలు పెట్టారు, అక్కడా అడగండి. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ అనే బయటి దేశపు చెట్టు పెట్టొద్దు.

ఎన్ని పెట్టాలి అన్న ప్రశ్నకి జవాబు వానాకాలంలో దొరకదు, వచ్చే ఏప్రిల్‌లో ఎన్నింటికి నీళ్ళు పోయగలరో అన్ని. అప్పుడు మీరు ఇళ్ళ దగ్గర ఉంటారు, క్యాంపస్‌లో ఇద్దరు ముగ్గురు గార్డెనర్లు ఉంటారు. మొక్కకి వారానికి ఒక బకెట్ నీళ్ళు అనుకుంటే వాళ్ళు ఎన్ని చూడగలరో వాళ్ళనే అడిగి ఆ అంకె దగ్గర ఆగండి. నలభై మొక్కలు బతికితే ఐదువందలు నాటి ఎండబెట్టిన దానికన్నా ఎంతో మేలు. సెలవుల ముందు ప్రతి మొక్క మొదట్లో ఆకు, సగం కుళ్ళిన కంపోస్ట్ మందంగా పరవండి, అడుగున చిన్న చిల్లు పెట్టి వత్తి దోపిన కుండ పక్కన పాతితే నీళ్ళు మెల్లగా దిగుతాయి.

మొక్కల మీద డబ్బు లేకపోతే విత్తనాలు ఏరండి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు జీవితమంతా చేసింది అదే, విత్తనాలు ఏరడం, సైకిల్ మీద తిరిగి కాలవ గట్ల మీద, రోడ్ల పక్కన నాటడం, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025లో ఆయన పోయేదాకా అదే పని. వేప పళ్ళు జూన్ జులైలో రాలతాయి, ఆ గింజకి మొలిచే శక్తి కొన్ని వారాలకే తగ్గిపోతుంది కాబట్టి ఏరిన వెంటనే కంపోస్ట్ కలిపిన మట్టితో, ఖాళీ పాల ప్యాకెట్లలో వేసేయండి.

స్టెప్ 9: ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు

ఏడు రోజుల స్పెషల్ క్యాంప్‌కి దత్తత తీసుకున్న ఊరికి వెళ్తారు కదా, అక్కడికి ఈ పని పట్టుకెళ్ళండి, కానీ చెప్పడానికి ముందు వినండి. చాలా ఊళ్ళలో ఇంటింటికీ పెంటకుప్ప ఉండేది, రైతులకి మీకన్నా ఎక్కువ తెలుసు. మీరు తీసుకెళ్ళగలిగేది స్కూల్ మధ్యాహ్న భోజనం దగ్గర ఒక జాలీ, ఒక రిజిస్టర్. సర్పంచ్‌నీ, పంచాయతీ సెక్రటరీనీ, హెడ్ మాస్టర్‌నీ ముందు కలవండి, వంట చేసే అమ్మలతో తప్పకుండా మాట్లాడండి, జాలీని రోజూ చూసుకునేది వాళ్ళే. ఆశా కార్యకర్తలు శుక్రవారం డ్రై డే అని ఇళ్ళలో నిలవ నీళ్ళు పారబోయిస్తుంటారు, డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి సుమారు వారం పదిరోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి పారబోస్తే చక్రం తెగుతుంది. క్యాంప్ వారంలో వచ్చే శుక్రవారం వాళ్ళతో కలిసి ఇంటింటికీ తిరగండి.

స్టెప్ 10: సెలవులు, అప్పగింత

సంక్రాంతి, దసరా లాంటి చిన్న సెలవులకి వారం ముందే కొత్త చెత్త వేయడం ఆపి, ఒకసారి తిరగేసి, తేమ చూసి, పైన మందంగా ఆకు కప్పి వెళ్ళిపోండి, ఏమీ కాదు. ఎండాకాలం సెలవులకి ఏప్రిల్ మొదటికల్లా నింపడం ఆపేయండి, తయారైంది జల్లించి బస్తాల్లో పెట్టండి, సగంలో ఉన్నదాన్ని మొత్తం ఒకే జాలీలోకి మార్చి బాగా తడిపి కప్పండి. జూన్‌లో వచ్చేసరికి అది తయారై ఉంటుంది, కొత్త బ్యాచ్‌కి మొదటి రోజే చేతిలో పెట్టడానికి కంపోస్ట్ దొరుకుతుంది.

అదే ఏప్రిల్‌లో వెళ్ళే సీనియర్ల సామాను గురించి కూడా చూడండి. బకెట్లు, మగ్గులు, పరుపులు, ల్యాబ్ కోట్లు, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కి వాడే డ్రాఫ్టర్లు, పుస్తకాలు కారిడార్లలో పడేసి పోతారు. ఒక ఖాళీ రూమ్ అడిగి అవన్నీ కడిగి పెట్టించండి, జూన్‌లో వచ్చే కొత్త పిల్లలకి ఉచితంగా ఇవ్వండి, ఇంటి దగ్గర పరిస్థితి బాగోలేని పిల్లాడికి ఒక ల్యాబ్ కోటు, డ్రాఫ్టర్ దొరకడం చాలా పెద్ద సాయం. తీసుకునేవాళ్ళ పేర్లు రాయొద్దు, ఎవరు కావాలన్నా వచ్చి తీసుకునేలా తలుపు తెరిచి ఉంచండి.

అప్పగింత ఫైనల్ ఇయర్ చివర్లో కాదు, మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లోనే మొదలవ్వాలి. ఆ సెమిస్టర్ అంతా నిర్ణయాలు జూనియర్లు తీసుకోవాలి, సీనియర్లు పార పట్టుకోవాలి, వాళ్ళు అడిగితేనే చెప్పాలి. రాతపూర్వకంగా అప్పగించాల్సినవి: తూకం రిజిస్టర్, పర్మిషన్ లెటర్ కాపీ, పనిముట్ల లిస్టు, ఏ జాలీ ఎప్పుడు నిండింది అన్న తేదీలు, ఆకు బస్తాలు ఎన్ని ఎక్కడ ఉన్నాయి, మెస్‌లో, గార్డెనింగ్‌లో ఎవరితో మాట్లాడాలి, డబ్బులేమైనా వచ్చుంటే ప్రతి రూపాయి లెక్క. కంపోస్ట్ అమ్మిన డబ్బు ఉంటే పీఓ సార్ సంతకంతో బోర్డు మీద పెట్టండి, గ్లవ్స్, బూట్లు స్వీపర్ అక్కలకి కూడా అందులోంచే కొనండి.

రోజుకి 10 కిలోలు ఒక ఏడాది పాటు, ఒక ఎండాకాలం సెలవులు దాటి, ఒక బ్యాచ్ మారి కూడా నడిచాకే 20 కిలోలకి, ఇంకో మూడు జాలీలకి వెళ్ళండి. అప్పటికి బయోగ్యాస్ ప్లాంట్ పెట్టమని అడగాలన్నా మీ చేతిలో ఏడాది తూకం ఉంటుంది, వండిన తిండి మొత్తాన్ని అటు పంపి కూరగాయల తుక్కుని జాలీలకి ఉంచుకోవచ్చు.